కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు పెద్దబాటలో సూర్యాపేట దాటిన పిదప, కోదాడ చేరకముందే, మునగాల యను ఊరు వచ్చును. నేడది సూర్యాపేట జిల్లాలో నున్నది. 2016వ సంవత్సరమునకు ముందు నల్లగొండ జిల్లాలో నుండెను. 1959వ సంవత్సరమునకు ముందైతే అది కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. చుట్టును నైజాము ప్రభువుల రాజ్యము; నడుమ ఇంగ్లీషువారి పాలనలో నున్న ఈ చిన్న జమీను. ఏటి నడుమ లంకవలె నుండెడిది. ఆ జమీనుకు దివానుగా నుండి, అచ్చటి లెక్కలను, వ్యాజ్యములను చూచుకొనుచునే తెలుగువారి కందఱకును విజ్ఞానమును పంచిపెట్టవలెనని పూనుకొన్న పురుషుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

ఆయన గ్రంథములను గూర్చియు, స్థాపించిన సంస్థలను గూర్చియు మీరు వేఱొకచోట వినియుందురు. ఇచ్చట వానితోపాటు మఱియొక విషయమును గూడ చెప్పవలసియున్నది. ఆయనకు ఉబ్బసవ్యాధి యుండెను. అది వచ్చి పోవునదే కాని, పూర్తిగా విడిచిపోవునది కాదు. ఆయన చేసిన పెద్దపనులలో పెక్కు అట్టి వ్యాధి గల శరీరముతో చేసినవే. ఆయన జీవితకథలు చెప్పువారు వ్యాధి మాటను సాధారణముగా కడపటి వాక్యములో, మరణముతోపాటు చెప్పి ముగింతురు. అది న్యాయము కాదని నాకు తోచును.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెలలో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబ. బాలునికి మూడేండ్ల వయస్సున తండ్రి గతించెను. సవతి అన్నగారైన శంకరరావుగారు నైజాము రాజ్యములో నల్లగొండ ప్రాంతపు భువనగిరిలో నుండిరి. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి చేరెను. భువనగిరి కోట మీలో కొందఱు చూచియే యుందురు. ఒకే బండరాయి కొండయై లేచినట్లుండును. దానిపై చాళుక్యుల కాలమునాటి కోట. చరిత్రకారుడు కావలసిన బాలుడు ఓనమాలు దిద్దినది ఆ కొండనీడలోనే. ఈ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు సంతోషము కలుగును.

ఆయనకు ఒక అక్కగారుండిరి. ఆమె పేరు అచ్చమాంబ. తమ్మునికంటె రెండుమూడేండ్లు పెద్ద. పదేండ్లకే ఆమెకు భండారు మాధవరావుగారితో వివాహమైనది. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు కొలువున నుండిరి. అక్కతో తమ్ముడును నాగపురము చేరి, అచ్చట చదువుకొనెను. ఆ కాలమున ఆడపిల్లను బడికి పంపు అలవాటు లేదు. తమ్ముడు పాఠము చదువుకొనుచున్నప్పుడు అక్క ప్రక్కన కూర్చుండి తానును నేర్చుకొనెను. అట్లు నేర్చిన చదువుతోనే ఆమె కథలు వ్రాసెను. దేశమున ప్రసిద్ధలైన స్త్రీల చరిత్రలను కూర్చి అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించెను. తమ్ముడు మరాఠీని మాతృభాషవలె అభ్యసించి, ఆ భాషలో వ్యాసములు వ్రాసి పేరు తెచ్చుకొనెను. సంస్కృతము, హిందీ, వంగభాష, ఉర్దూ, ఇంగ్లీషు కూడ నేర్చి ఎం.ఏ. పట్టమును పొందెను.

మహారాష్ట్రులు తమ భాషలో శాస్త్రములను, చరిత్రలను వ్రాసుకొనుట చూచి, తెలుగువారికి అవి లేకపోయెనే యని ఆయన మనస్సు నొచ్చుకొనెను. మునగాల జమీందారు రాజా నాయని వేంకట రంగారావుగారు ఆయనను దివానుగా నియమించుకొనిరి. రాజుగారు విద్యాభిమాని. హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారను ఉదారుడు మఱియొక మిత్రుడు. వీరి సాయముతో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కార్యాలయములలోను బడులలోను ఉర్దూ చెల్లుచున్న ఆ నగరములో తెలుగు పుస్తకముల కొక ఇల్లు కట్టుట సామాన్యమైన పని కాదు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. అటుపిమ్మట గ్రంథాలయోద్యమము తెలుగుదేశ మంతటను వ్యాపించెను.

ఇట్లు పనులు సాగుచుండగా 1905వ సంవత్సరము జనవరిలో అచ్చమాంబగారు మరణించిరి. ఆమెకు ముప్పదియేండ్లు మాత్రమే. తండ్రి నెఱుగని తమ్మునికి ఆమె అక్క మాత్రమే కాదు. తోడి విద్యార్థిని, తోడి రచయిత్రి, ఒకవిధముగా తల్లికి మాఱు. ఆ దుఃఖమెట్టిదో మనము ఊహించుకొనవలసినదే. ఆ మఱుసటి యేడు, అనగా 1906లో, రెండు సంఘటనలు జరిగినవి. ఆయనకు కుమార్తె పుట్టినది. ఆ బిడ్డకు అచ్చమాంబ యని అక్కపేరే పెట్టుకొనిరి. అదే సంవత్సరమున హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడినది. పోయిన మనిషి తిరిగి రాదు. కాని ఆ పేరు ఇంటిలో రోజుకు పదిసార్లు వినబడుచుండెను. అక్కకు ప్రియమైన అక్షరములు అచ్చుకూటమున పుస్తకములగుచుండెను. మానని గాయముతో బ్రతుకుటను ఆయన వ్యాధికి ముందే నేర్చుకొనియుండెనేమో.

విజ్ఞానచంద్రికా మండలి చేసిన పని గొప్పది. అంతవఱకు తెలుగులో అచ్చగుచున్నవి ఎక్కువగా కావ్యములు, పురాణములు. ఈ మండలి చరిత్రలు, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము మున్నగు విషయములపై చక్కని పుస్తకములు తక్కువ వెలకు ప్రకటించెను. మొదటి పుస్తకము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము కూడ ఈ మండలి ప్రకటించినదే. లక్ష్మణరావుగారు తామును శివాజీ చరిత్రమును, హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను గ్రంథములను వ్రాసిరి. కొంతకాలమునకు మండలి మద్రాసునకు మాఱెను. ఆయన నివాసము కూడ అచ్చటికే మాఱెను. 1910లో రావిచెట్టు రంగారావుగారు చిన్నవయస్సుననే గతించిరి. ఇది మఱియొక దెబ్బ.

ఇక ఉబ్బసమును గూర్చి కొంత తెలిసికొందము. ఇది తెలియనిదే పంతులుగారి కష్టము తెలియదు.

ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు లోపల వాచి, వాని చుట్టునున్న కండరములు బిగిసికొనును. దారి యిరుకగును. కఫము చేరి ఉన్న దారిని గూడ మూయును. లోనికి పోయిన గాలి వెలికి రాదు. వెలికి రానిదే క్రొత్త గాలి లోనికి పోవుట కష్టము. రొమ్ములో పిల్లికూతలు వినబడును. రోగి పండుకొనలేడు. మంచముపై లేచి కూర్చుండి, చేతులు మోకాళ్లపై ఆనించి, ముందునకు వంగి గాలికై పెనగులాడును. చలిగాలి, దుమ్ము, పొగ దీనికి మిత్రులు. తెల్లవాఱుజామున బాధ హెచ్చుట సాధారణము. ఇంటిలో అందఱు నిద్రించుచుందురు. రోగి యొక్కడే మేలుకొని ఒక్కొక్క ఊపిరిని లెక్కించుకొనుచుండును. భయము కలుగును. భయము కలిగిన కొలది ఊపిరి మఱింత బిగిసికొనును. బాధనుండి భయము, భయమునుండి బాధ.

ఇంతకంటె చిత్రమేమనగా, ఉదయమునకు ఆ బాధ తగ్గిపోవచ్చును. మధ్యాహ్నమునకు అతడే వీధిలో నడచుచు కనబడును. చూచినవారు ఇతనికేమి రోగమున్నదని యనుకొందురు. కాలు విఱిగినవానికి జనము దారి యిచ్చును. ఉబ్బసరోగి బాధ కంటికి కానరాదు గనుక అతడు సోమరియనియు, నటించుచున్నాడనియు అపోహపడుదురు. అందుచేత కొందఱు రోగులు సిగ్గుపడి వ్యాధిని దాచుకొందురు. కొందఱు తమకు రోగమే లేదని మొండికెత్తి మందు మానుదురు. మఱికొందఱు అంతయు అయిపోయినదని మంచము పట్టి, వ్యాధి లేని దినములను గూడ వ్యాధికే అప్పగింతురు. ఈ మూడు త్రోవలలో ఏది పట్టినను నష్టమే. నా యెఱుకలో మూడవది అన్నిటికంటె దుఃఖకరమైనది. ఏలయనగా ఆ దినములు నిజముగా వారివే.

మన పూర్వవైద్యులు ఉబ్బసమును తమకశ్వాస మనిరి. రోగములను వారు మూడు తెగలుగా విభజించిరి. కుదుర్పదగినది సాధ్యము, కుదుర్పరానిది అసాధ్యము. ఈ రెంటి నడుమ యాప్యమను మూడవ తెగ యున్నది. అనగా వేరుతో పెకలింపరాదు గాని, తగిన మందుతోడను పథ్యముతోడను అదుపులో నుంచుకొనవచ్చును. కూలబోవు ఇంటికి పోటు పెట్టి నిలిపినట్లు అని వారు పోల్చిరి. పోటు ఉన్నంతకాలము ఇంటిలో కాపురము చేయవచ్చును, పెండ్లిండ్లు చేయవచ్చును, పిల్లలు ఆడుకొనవచ్చును. పోటు తీసివేసిన కష్టము. అప్పుడే క్రొత్తగా వచ్చిన తమకశ్వాసను మాత్రము సాధ్యమనియు, ముదిరినదానిని యాప్యమనియు చెప్పిరి. ఎంత తెలివిగా విభజించిరో చూడుడు. కుదురుట, కుదురకపోవుట అను రెండే గతులు ఉన్నవనుకొనువాడు రోగమును చూచి సగము ప్రాణము విడుచును.

లక్ష్మణరావుగారి కాలమున ఈ వ్యాధికి పోటులు తక్కువ. ఎండిన ఉమ్మెత్తాకుల పొగ పీల్చెడివారు. చిక్కని కాఫీ త్రాగెడివారు. కషాయములు, లేహ్యములు ఉండెను. ఇరువదవ శతాబ్దారంభమున ఎడ్రినలిను సూదిమందు వాడుకలోనికి వచ్చెను గాని, దాని బలము కొంచెముసేపే. చీనాదేశపు మూలిక నుండి తీసిన ఎఫిడ్రిను ఉబ్బసమునకు పనిచేయునని పాశ్చాత్యవైద్యులు గుర్తించినది 1924లో. అనగా పంతులుగారు మరణించిన మఱుసటి యేడే! నోటితో పీల్చుకొను మందుగొట్టము 1956లో వచ్చెను. వాపునే తగ్గించు మందును పీల్చు పద్ధతి 1970 తరువాత వచ్చినది. నేడు కూడ ఉబ్బసము వేరుతో పోవు రోగము కాదు. అయినను క్రమము తప్పక మందు పీల్చుకొనువారు బడికి పోవుదురు, పరుగెత్తుదురు, ఆటలలో గెలుచుదురు. మీ తరగతిలోనే ఎవరో ఒకరి సంచిలో ఆ చిన్న మందుగొట్టము ఉండవచ్చును. అది కండ్లద్దముల వంటిదే. దానిని దాచుకొనవలసిన పని లేదు. చూచి నవ్వవలసిన పని అసలే లేదు.

మద్రాసునకు మాఱిన పిదప లక్ష్మణరావుగారు తమ జీవితములో మిక్కిలి పెద్దపనికి పూనుకొనిరి. అదియే ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. ప్రపంచములోని విషయము లన్నిటిని అకారాది క్రమమున తెలుగులో వివరింపవలెనని ఆయన సంకల్పము. ఇంగ్లీషువారికి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఉన్నది. దాని వెనుక ధనము, కార్యాలయములు, వందలకొలది పండితులు. ఇచ్చట ఉన్నది ఒక దివానుగారు, కొందఱు మిత్రులు, చందాదారుల చందాలు. తెలుగులో అనేక శాస్త్రములకు పదములే లేవు. వానిని ముందు కల్పించుకొని, పిదప వ్యాసము వ్రాయవలెను.

ఇక్కడ ఆయన పనిచేసిన తీరును గమనింపవలెను. ఆ మహాగ్రంథము ఒక్కసారిగా ముగించి అచ్చు వేయదలచినది కాదు. విడివిడి సంచికలుగా వెలువరించి, వానిని సంపుటములుగా కూర్చుచు వచ్చిరి. పనిని ఇట్లు ముక్కలు చేసికొనుట ధనాభావము వలన వచ్చిన ఏర్పాటే కావచ్చును. కాని ఏ రాత్రి ఏమగునో తెలియని ఆరోగ్యము కలవానికి ఇంతకంటె తగిన ఏర్పాటు లేదు. ఒక సంచిక ముగిసినచో అది ముగిసినట్లే. దానిని ఏ వ్యాధియు వెనుకకు తీసికొనిపోజాలదు. పూర్తిగా కుదిరిన పిదప మొదలుపెట్టెదనని కూర్చున్నచో మొదటి పుటయే వెలువడియుండెడిది కాదు.

రెండవది, ఆయన పనిని పంచిపెట్టెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికావ్యాసము కారణమున చెఱసాల పాలై, శిక్ష అనుభవించి వెలికి వచ్చిరి. ప్రభుత్వపు ఆగ్రహమునకు వెఱచి ఆయనను దరిచేర నిచ్చువారు అరుదుగా నుండిరి. లక్ష్మణరావుగారు పిలిచి సర్వస్వపు పనిలో చేర్చుకొనిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు అప్పటికి చిన్నవారు. చరిత్రపరిశోధన యనగా నేమో ఆ పనిలోనే నేర్చి, అటుపిమ్మట గొప్ప చరిత్రకారులైరి. కవులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు తమ తమ విషయములపై వ్యాసములు వ్రాసిరి. లక్ష్మణరావుగారు తామును పెక్కు వ్యాసములు వ్రాసిరి. ఒక్కని ఊపిరితో నడచు పని ఆ ఊపిరితోనే ఆగును. పదుగురి చేతిలో పెట్టిన పనికి ఆ భయము లేదు. అంతేకాక, తన అవసరము పదుగురికి ఉన్నదని తెలిసిన రోగికి మంచము విడిచి లేచుటకు ఉదయమున ఒక కారణము దొరకును. తోడు లేనివానికి రాత్రులు మఱింత పొడవగును.

తోడనగా జ్ఞాపకము వచ్చినది. మద్రాసులో ఎగ్మూరునందలి ఆయన యింటిపేరు వేదవిలాసము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఆ యింటిలోనే కన్నుమూసిరి. వీరేశలింగముగారికిని చిన్ననాటినుండి దగ్గు, ఉబ్బసము ఉండెను. బలహీనమైన దేహము, తఱచు వ్యాధి. అట్టి దేహముతోనే ఆయన 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి, పత్రికలు నడపిరి, నూఱుకు పైగా గ్రంథములు వ్రాసిరి, కడపటి సంవత్సరములలో కవుల చరిత్రమును తిరిగి సవరించుచుండిరి. డెబ్బదియొక్క యేండ్లు జీవించిరి. ఊపిరి చాలని యిద్దఱు మనుష్యులు ఒక్క యింటిలో కూర్చుండి, ఒకరు కవుల చరిత్రమును, ఒకరు సర్వస్వమును గూర్చి ఆలోచించుచున్న దృశ్యమును ఊహించుకొనుడు. ఒకరి బాధను మఱియొకరు అడుగకయే తెలిసికొనియుందురు. అదే వ్యాధి గలవాని పలుకరింపునకు గల విలువ ఇతరుల ఓదార్పునకు లేదు.

సర్వస్వము మూడు సంపుటములు వెలువడెను. అప్పటికి అ అను అక్షరముతో మొదలగు విషయములు మాత్రమే అయినవి. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వలన కాగితపు ధర పెరిగెను, చందాలు చాలలేదు. పని నిలిచిపోయెను. యాబదికి పైగా అక్షరములు గల భాషలో మొదటి అక్షరముననే ఆగిపోవుట ఎంత బాధ! ఆరోగ్యవంతుడు మఱొకసారి మొదలుపెట్టవచ్చునని ఊఱట చెందును. తనకు కాలము తక్కువయని ఎఱిగినవానికి ఆ ఊఱట ఎక్కడిది?

లక్ష్మణరావుగారు మఱొక పని చేపట్టిరి. ఆంధ్రుల చరిత్రమును శాసనముల ఆధారముతో సమగ్రముగా వ్రాయవలెనని తలచి, శాసనములు సేకరించుచు, పరిశోధించుచు వచ్చిరి. ఇందులో ఒక విపరీతము కలదు. దుమ్ము ఉబ్బసమునకు శత్రువు. చరిత్రకారునికో దుమ్ము నిత్యము చేయవలసిన స్నేహితము. పాతకాగితములు, తాళపత్రములు, పాడుపడిన గుడుల గోడలు. ఊపిరికి ఏది కీడో మనస్సుకు అదియే మేలు. ఇట్టి చిక్కును దీర్ఘవ్యాధి గలవారందఱును ఏదో ఒక రూపమున ఎదుర్కొందురు. పూర్తిగా మనస్సు మాట వినిన దేహము చెడును. పూర్తిగా దేహము మాట వినిన జీవించుటయే మఱచిపోవుదురు.

ఈ విషయమున పంతులుగారిని నిండుగా మెచ్చుకొనుటకు నాకు కొంత సంకోచము. దివానుగిరి, మండలి, సర్వస్వము, పరిశోధన, నిత్యము వచ్చిపోవు మిత్రులు. ఇన్ని బరువులను ఒక్క బలహీనమైన రొమ్ముపై మోసికొనిరి. కొంత తగ్గించుకొని, గాలి మంచిదైన చోట విశ్రమించియుండిన మఱి కొన్నియేండ్లు బ్రతికెడివారేమో. పెద్దలను గూర్చి చెప్పునప్పుడు వారు దేహమును లెక్కచేయలేదని పొగడుట మనకు అలవాటు. దేహమును లెక్కచేయకపోవుట గొప్పతనము కాదు. ఆయన గొప్పతనము వేఱొకచోట నున్నది. వ్యాధి ఆయనను కోపిష్ఠిని చేయలేదు, పిసినారిని చేయలేదు. చెఱనుండి వచ్చిన మిత్రునికి పనియు, వృద్ధుడైన సంస్కర్తకు ఇల్లును, చిన్నవాడైన పరిశోధకునికి విద్యయు ఇచ్చినది ఆ బాధ నెఱిగిన మనిషియే.

1923వ సంవత్సరము జూలై 12వ తేదీన ఉబ్బసము తీవ్రమై లక్ష్మణరావుగారు మద్రాసున మరణించిరి. ఆయనకు నలువదియాఱేండ్లు. ఆంధ్రుల చరిత్రము పూర్తి కాలేదు. సర్వస్వము నిలిచిన చోటనే నిలిచియుండెను.

హైదరాబాదులో ఆంధ్రజనసంఘము వారి పూనికతో తెలంగాణమునందలి శాసనములను, తాళపత్రములను వెదకుటకు అప్పుడే ఒక పరిశోధక మండలి ఏర్పడియుండెను. ఆయన మరణానంతరము దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరు పెట్టిరి. ఆదిరాజు వీరభద్రరావుగారు దానికై పెక్కేండ్లు పాటుపడిరి. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల పొలములలోను, గుళ్లలోను ఎండకు ఎండి వానకు తడియుచున్న రాళ్లకు నోరు వచ్చినది. 1935లో తెలంగాణా శాసనములను గ్రంథమును ఆ మండలి ప్రకటించెను. ఆగిపోయిన సర్వస్వమును 1930వ దశకమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తిరిగి చేతబట్టి, క్రొత్త వ్యాసములతో సంపుటములు అచ్చువేయించిరి. మహబూబునగరు ప్రాంతమున పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు తెలంగాణపు చరిత్రకై, తెలుగు భాషకై చేసిన పరిశ్రమయు ఈ త్రోవలోనిదే. 1901లో ఒక స్నేహితుని యింటిలో మొదలైన భాషానిలయము హైదరాబాదు సుల్తానుబజారులో శతవార్షికమును దాటి నిలిచినది.

తండ్రి పోవునాటికి అక్కపేరు పెట్టుకొన్న కూతురికి పదునాఱు పదునేడేండ్లు. ఆ పిల్ల వైద్యవిద్య చదివెను. డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారని ప్రసిద్ధి పొంది, విజయవాడలో స్త్రీలకు, శిశువులకు చికిత్స చేయుచు, తల్లులకు తెలియవలసిన సంగతులను తేటతెలుగులో పుస్తకముగా వ్రాసిరి. 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైరి. 1964లో పరమపదించిరి.